వేలు పట్టేంత ఖాళీ

పసుపు ఎక్కువ పడుతోంది, సరిచెయ్యడానికి గంట పడుతుంది, కూర్చోండి సార్, అన్నాడు ప్రెస్సు ఫోర్‌మన్. కూర్చున్నాను. ఈ వయసులో నాకు బాగా చేతనైన పని అదొక్కటే. కుర్చీకి ఒక కాలు పొట్టిది, దాని కింద ఎవరో చెడిపోయిన కాగితాలు మడిచి పెట్టారు, ఎవరి పుస్తకంలోవో తెలియదు, కుర్చీని కదలకుండా పట్టుకుంటున్నాయి కాబట్టి వాటి బతుకు వృథా పోలేదు, చాలా పుస్తకాలకి ఆ మాత్రం కూడా దక్కదు. అద్దాల తలుపుకి అవతల మిషన్ కాగితాన్ని నోటితో పీల్చి రోలర్ల మధ్యకి తోస్తోంది, ఆగుతోంది, మళ్ళీ పీలుస్తోంది. ఇక్కడి పద్ధతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. రంగు కుదిరిన మొదటి షీటు మీద రాసినవాడు సంతకం పెట్టాలి, సంతకం పడ్డాక మిషన్ని ఎవరూ ఆపరు. అందాకా పుస్తకం నాది, ఆ తర్వాత ఊరందరిదీ. పద్నాలుగు సార్లు ఇదే గదిలో నిలబడి, చూసీ చూడకుండా సంతకం గీకి ఇంటికి పోయినవాణ్ణి. ఈ పదిహేనోదానికి మాత్రం ఉదయం నుంచీ జేబులో పెన్ను తడుముకుంటున్నాను. ఎందుకంటే ఇది మాట తప్పి రాసిన పుస్తకం. మాట ఇచ్చింది నా కూతురికి. ఇది ఇక్కడ అచ్చుకి వచ్చిందని నా కూతురికి తెలియదు.

ఫోర్‌మన్ చెప్పులు మడమ దగ్గర బయటివైపు అరిగిపోయాయి. మనిషి బరువంతా పక్కకి వేసి నడుస్తాడు, మోకాలు నొప్పి మొదలై ఉంటుంది, ఇంకా ఎవరికీ చెప్పి ఉండడు. ఎవరు ఎదురైనా నా చూపు ముందు కాళ్ళ మీదికే పోతుంది, మొహం తర్వాత. ఇరవై మూడేళ్ళు పిల్లల బూట్ల దుకాణం నడిపినవాడికి పోయే అలవాటు కాదు. సన్నటి దుకాణం, రెండు గోడలా పైకప్పుదాకా అట్టపెట్టెలు, మధ్యలో ఎర్ర బల్ల, బల్ల ముందు నేను కూర్చునే మూడు కాళ్ళ పీట. పిల్ల కదలకుండా కూర్చోదు, తల్లికి తొందర, తండ్రి గోడ చూస్తుంటాడు. ఆ కాలు నా మోకాలి మీద పెట్టుకుని, ఈ ఎడమ బూటుంది చూశావూ, ఇది మహా పెంకిది, కుడి బూటు బడికి పోదామంటే ఇది తోటలోకి లాగుతుంది, అని మొదలుపెట్టేవాణ్ణి. కాలు మెత్తబడేది. ఆ మెత్తబడడం నా అరచేతికి తెలిసేది. పిల్ల కథలో పడిందీ లేనిదీ మొహం చూసి చెప్పలేం, మొహం అబద్ధమాడుతుంది, కాలి వేళ్ళు అబద్ధమాడవు. కొనే పని లేకపోయినా పిల్లలు తల్లుల్ని లాక్కొచ్చేవారు. ఒకావిడ, "మీరు బూట్లు అమ్ముతారా కథలు అమ్ముతారా తేల్చి చెప్పండి, నాకు రెండూ కొనే ఓపిక లేదు" అంది. ఆవిడే పుస్తకాలు వేస్తుందనీ, ఆ సాయంత్రమే మళ్ళీ వచ్చి, బూట్లు మానేసి రెండోది రాసివ్వమంటుందనీ నాకేం తెలుసు.

సభల్లో అడుగుతుంటారు, మీ రచనా రహస్యం ఏమిటని. పిల్లల మనసు, ఊహాలోకం, అలాంటివేవో నాలుగు చెప్పి దిగిపోతాను. అసలు సంగతి బూటు ముందు భాగంలో ఉంది. వేళ్ళ చివర, బూటు కొసకీ కాలికీ మధ్య, ఒక వేలు పట్టేంత ఖాళీ ఉంచాలి. ఇవాళ అతికినట్టు సరిపోయింది కదా అని కట్టబెడితే మూడు నెలల్లో కరుస్తుంది. మరీ వదులైతే నడవలేక విప్పి పారేస్తుంది. వాక్యమూ అంతే. పిల్లకి అంతా అర్థమయ్యేలా రాస్తే నాలుగు రోజుల్లో ఇరుకవుతుంది, ఏమీ అర్థం కాకుండా రాస్తే కాలికే ఎక్కదు, కొంచెం ఖాళీ వదిలితే అందులోకి పెరుగుతుంది. నా దగ్గర ఉన్న విద్య ఇదొక్కటే, దీంతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఇంతకీ ఆ వేలు పట్టేంత ఖాళీ ఇంట్లో ఎవరికైనా వదిలానా అంటే, ఆ మాట ఇప్పుడెందుకు, పసుపు ఇంకా కుదరలేదు, అవతల ఎవరో డబ్బా మూత సుత్తితో కొడుతున్నారు.

రాసింది పనికొస్తుందో లేదో చూసుకోవడానికి నాకో తక్కెడ ఉండేది. నా కూతురు. దుకాణంలో పెద్దపిల్లల బూట్లు కాళ్ళకి తగిలించుకుని టపటపా తిరిగేది, అందుకని దానికి టపటప అనే పేరు పడింది, పుస్తకాల్లో పిల్లకీ అదే పేరు పెట్టాను. సాయంత్రం గిరాకీ తగ్గాక అది బోర్లించిన అట్టపెట్టె మీద కూర్చునేది, నేను చదివేవాణ్ణి. మోకాలు గోక్కుందా, ఆ వాక్యం కొట్టెయ్. నవ్విందా, ఉంచు. ఇంతకంటే ఖచ్చితమైన తూకం ఇంకెవరి దగ్గరా లేదని నా గర్వం. దాని కాళ్ళకీ నా రాతకీ మధ్య నడిచిన వ్యవహారం అది, దాన్ని నేను ప్రేమ అనుకున్నాను, ప్రేమ కాదని ఇప్పటికీ అనను. మా ఆవిడ మాత్రం మొదట్లోనే పసిగట్టింది. "మీకు ఇంట్లో దొరికిందల్లా సరుకే. ఏదో ఒకరోజు నన్ను కూడా పెట్టెలో పెట్టి అమ్మేస్తారు" అంది. "నీ సైజు పెట్టె రావడం మానేసింది" అన్నాను. చేతిలో ఉన్న దువ్వెన విసిరింది, తప్పుకున్నాను, అదీ నాలుగో పుస్తకంలో పెట్టాను. పిల్ల దువ్వెన విసిరినట్టు మార్చి.

సముద్రం సంగతి మూడో పుస్తకం. దానికి ఏడేళ్ళు. ఒక ఉదయం అటక కింద పెద్ద అట్టపెట్టెలోంచి వాసన వస్తోందని తీసి చూస్తే తడి దుప్పటి, ఉండలా చుట్టి, పైన నాలుగు జతల బూట్లు బరువు పెట్టి ఉంది. పిలిచి అడిగాను. నేల చూస్తూ కాలి బొటనవేలితో గచ్చు మీద గీత గీసి, "రాత్రి సముద్రం వచ్చింది నాన్నా. మంచం దాకా వచ్చి వెళ్ళిపోయింది" అంది. ఆ క్షణంలో తండ్రన్నవాడు ఏం చెయ్యాలి? ఎత్తుకోవాలి. నేను ఎత్తుకోలేదనను, ఎత్తుకున్నాను, కానీ ఎత్తుకుంటూనే నా బుర్ర ఆ వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, మంచి తోలు చేతికి తగిలితే వేళ్ళు ఊరుకోవు కదా, ఎక్కడ కుట్టాలి, ఎక్కడ మడవాలి. వారంలో రాసేశాను. దానికే చదివాను. దుప్పటి మీద చేపలు ఎగిరే చోట పడీ పడీ నవ్వింది. నవ్విందా, ఉంచు. ఆ పుస్తకం అమ్ముడుపోయినట్టు నాది ఇంకేదీ అమ్ముడుపోలేదు. బళ్ళల్లో పాఠంగా పెట్టారు. దుకాణం మూసి రాతే బతుకుగా పెట్టుకున్నది దాని వల్లే. కూతురి పద్నాలుగో ఏట, వాళ్ళ బడికే నన్ను పిలిచినప్పుడు, వెయ్యిమంది పిల్లల ముందు, అసలు టపటప ఎవరో చూస్తారా అని దాన్ని వేదిక మీదికి రమ్మన్నాను. వచ్చింది. నవ్వింది. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి గది తలుపు వేసుకుంది, వయసులో ఉన్న పిల్ల కదా, ఏవో ఉంటాయిలే అనుకున్నాను.

అసలు సంగతి తెలిసింది ఎప్పుడంటే, దానికి ముప్పై దాటి, దానికో కూతురు పుట్టి, ఆ పిల్ల మొదటిసారి బడికి పోయే ముందు రోజు. చిన్న బూట్లకి తాడు ఎక్కిస్తూ, తల ఎత్తకుండా, మామూలుగా కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఎనిమిదేళ్ళ పాటు తరగతిలో తనని ఎవరూ పేరుతో పిలవలేదట. సముద్రం అనేవారట. ఆ సముద్రం వస్తోంది, కాళ్ళు పైకి పెట్టుకోండి అనేవారట. వేదిక మీదికి పిలిచిన రోజు దాకా తన తరగతికే తెలుసట, ఆ రోజుతో బడి మొత్తానికీ తెలిసిపోయిందట. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని బూట్ల వాణ్ణి, నేనే పదిమందికి చెప్పేవాణ్ణి, నేను జారింది నోరు కూడా కాదు, అచ్చు. "నీకు చదివి వినిపించే కదమ్మా వేశాను. నువ్వు నవ్వావు. నవ్వకపోతే వేసేవాణ్ణా?" అన్నాను. అప్పుడు తలెత్తింది. "ఏడేళ్ళ పిల్లని నాన్నా. నవ్వితేనే నువ్వు కాగితంలోంచి తలెత్తి నా వైపు చూసేవాడివి." అంతే అంది. ముడి వేసింది, బూటు కొస వేలితో నొక్కి చూసింది, ఖాళీ సరిపోయింది. "దీని మాట ఒక్కటి కూడా పుస్తకంలోకి రాకూడదు. మాటివ్వు" అంది. సరేనమ్మా అన్నాను.

సరేనన్న దగ్గర్నుంచి నా దుకాణం ఖాళీ. అది మానేస్తే నా దగ్గర సరుకేముంది? రెండేళ్ళు, మూడేళ్ళు, రాసి పంపితే పుస్తకాలావిడ మర్యాదగా తిప్పి పంపేది, "ఇందులో పిల్లలు లేరండీ, పిల్లల్లాంటి బొమ్మలున్నాయి" అని. నిజమే. తక్కెడ లేకుండా తూచినవన్నీ అలాగే ఉంటాయి. ఇంతలో ఆ చిన్నది, నా మనవరాలు, బడిలో నోరు తెరవడం లేదని కబురు. ఇంట్లో గలగలా వాగుతుంది, గోడకి చెవులుంటే మూసుకుంటుంది, బడి గుమ్మం దాటితే ఒక్క అక్షరం బయటికి రాదు. ఫోన్లో కూడా పలకదు. బలవంతం చెయ్యకండి, తొందరపెట్టకండి, దానంతట అదే వస్తుంది, అన్నాడు డాక్టరు. ఫోన్‌కి మాత్రం మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను అడుగుతాను, అది ఫోన్ మీద గోటితో కొడుతుంది. ఒకటి కొడితే సరే. రెండు కొడితే వద్దు. అలా ఎన్ని మాట్లాడుకున్నామో, బతుకులో ముప్పాతిక వంతు వ్యవహారం ఆ రెండింటితో నడిచిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. కిందటేడు ఒక మధ్యాహ్నం నా పక్కన నేల మీద పడుకుని, నా పాత పాదాల కొలబద్దతో ఆడుకుంటూ, అడక్కుండానే అంది: "తాతయ్యా, నా మాటలు బూట్లలో ఉంటాయి. బడిలో బూట్లు బయట విప్పి లోపలికి రమ్మంటారు కదా. అందుకని అవి అక్కడే ఉండిపోతాయి."

దేవుడా, ఇలాంటి వాక్యం ఒక బూట్ల వాడి చెవిలోనా పడేది. వినకుండా ఉండాల్సింది, విన్నాను. పదకొండు రోజుల్లో రాశాను, కళ్ళు సరిగా కనపడక పెద్ద పెద్ద అక్షరాలతో. మనవరాలిని మనవడిని చేశాను. ఉంగరాల జుట్టు సాపు చేశాను. అంటే కొట్టు ముందు బోర్డు మార్చి అదే సరుకు అమ్మడం. పుస్తకాలావిడ చదివి, ఫోన్ చేసి, "ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచారు?" అంది. బొమ్మలు వేసినతను మా చిన్నదాన్ని ఎప్పుడూ చూడలేదు, అయినా కథలో కుర్రాడు గుమ్మం దగ్గర బూట్ల వైపు వెనక్కి తిరిగి చూసే బొమ్మలో ఆ మెడ వంపు అచ్చం దానిదే. ఆ బొమ్మ చూసిన రాత్రి తిండి సయించలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. రాసినవాటిలో ఇదే మంచిదని తెలుసు, ఇదే చివరిదని కూడా తెలుసు, చివరి జత బల్ల మీద పెట్టి మళ్ళీ అటకెక్కించడం ఏ వ్యాపారికీ చేతకాదు. ఇంకో తమాషా ఏమిటంటే, దీన్ని ఏ పిల్లకీ చదివి చూడలేదు. తూచకుండా అమ్ముతున్న మొదటి సరుకు ఇది.

"చూడండి సార్, ఇప్పుడు పసుపు లొంగింది" అంటూ ఫోర్‌మన్ షీటు తెచ్చి బల్ల మీద పరిచాడు. పెద్ద కాగితం, పదహారు పేజీలు, కొన్ని తలకిందులుగా, మడిస్తే గాని వరసలోకి రావు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ కదలకుండా నిలబడ్డాడు, ఏదో చెప్పాలని ఉందని తెలుస్తోంది. "నవ్వకండి సార్. మా పెద్దమ్మాయికి మీ సముద్రం పుస్తకమంటే ప్రాణం. తొమ్మిదేళ్ళ దాకా పక్క తడిపేది. మొదట్లో మా అమ్మ దాని వీపు విమానం మోత మోగించేది. పుస్తకం వచ్చాక అది లేస్తూనే, నాన్నా సముద్రం వచ్చింది అనేది, మేం నవ్వేవాళ్ళం, దుప్పటి ఆరేసేవాళ్ళం, అయిపోయేది. మీకు చెప్పాలని ఎప్పట్నుంచో." మంచిదయ్యా అన్నాను. ఇదీ లెక్కలో వెయ్యాల్సిందే. నష్టం ఒక్కటే లెక్కేసుకుని నన్ను నేను తిట్టుకుంటున్నానే, ఇటువైపు కూడా ఉంది, ఊరూరా ఎన్ని ఇళ్ళలో ఎన్ని దుప్పట్లు తిట్లు లేకుండా ఆరాయో. అందరి పిల్లల నెత్తి మీంచీ సిగ్గు దించాను. దించి ఎక్కడ పెట్టాను? ఒక్కదాని నెత్తిన పెట్టాను. వీళ్ళమ్మాయి తేలిగ్గా నడిచింది, మా అమ్మాయి మోసింది. ఇలాంటి లెక్క ఎవరు తేలుస్తారు, రెండు పక్కలా ఉన్నవి ఒక రకం సరుకు అయితే కదా తూచడానికి. ఈ పుస్తకం వేస్తే గుమ్మం దగ్గర మాట పడిపోయే ఏ పిల్లో, ఎక్కడో, నా ఒక్కదానికే కాదన్నమాట అనుకుంటుంది. ఆ పిల్ల కోసం అని సంతకం పెట్టొచ్చు. పెన్ను తీశాను. మూత తీశాను. మళ్ళీ పెట్టాను. "అయిదు నిమిషాలు" అన్నాను. "రోలర్లు ఆరిపోతాయి సార్, మూడు నిమిషాలు చేసుకోండి" అన్నాడు, బేరమాడడం నాకొక్కడికే కాదు వచ్చింది.

కాగితం రీములు పేర్చిన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. మిషన్ చప్పుడు దూరమైంది. అక్కడ గుట్టల మధ్య నిలబడితే పాత దుకాణంలో ఉన్నట్టే ఉంది, అట్టపెట్టెల మధ్య. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి, ఒక్క పిల్లని, ఇది అమ్ముకోనా అని అడిగిన పాపాన పోలేదు. మనవరాలు సరేనంటే కూతురికి ఫోన్ చేసి అంతా ఒప్పుకుంటాను, అది తిట్టనీ. ముందు సరుకు ఎవరిదో వాళ్ళని అడగాలి. ఇంటికి చేశాను, బడి అయ్యాక చిన్నది మా ఇంట్లోనే ఉంటుంది. మా ఆవిడ ఎత్తి, "సంతకం పెట్టి తగలడ్డారా?" అంది. ఆవిడకి అన్నీ తెలుసు, కూతురికి చెప్పలేదు, నాతో సరిగా మాట్లాడనూ లేదు. "ఇంకా లేదు. దాన్ని పిలు" అన్నాను. "ఇప్పటికైనా బుద్ధొచ్చింది" అని గొణిగి, అమ్మడూ, తాతయ్య, అని కేకేసింది. టపటపా చప్పుడు, ఎవరి బూట్లో వేసుకుని పరుగెత్తుకొచ్చింది. ఊపిరి వినపడింది. "తాతయ్య కథ రాశాడమ్మా. నువ్వు ఆ రోజు చెప్పావే, బూట్లలో మాటలు, అది. చదువుతాను, వింటావా?" టక్.

చదివాను. కాగితం అక్కర్లేదు, నోటికి వచ్చు. కుర్రాడు బూట్లు విప్పడం, మాటలు లోపల ముడుచుకుని పడుకోవడం, బడి అయ్యేదాకా కుడి బూటులో మాటలూ ఎడమ బూటులో మాటలూ పోట్లాడుకోవడం. ఎడమ బూటు మహా పెంకిది. అక్కడ అవతల ఒక చిన్న ముక్కుతో బుస్సుమన్న శబ్దం, తర్వాత ఆపుకోలేక నవ్వు. నవ్వింది. ఫోన్లో ఎప్పుడూ గొంతు విప్పని పిల్ల నవ్వింది. నా చెవి నుంచి అరికాలు దాకా ఏదో పాకింది, ఇన్నేళ్ళ తర్వాత తక్కెడ కదిలింది, నా చెయ్యి ఇంకా పోలేదు. చివరిదాకా చదివి, గోడకి ఆనుకుని, అడిగాను. "దీన్ని పుస్తకంగా వెయ్యమంటావా తల్లీ? అందరూ చదువుతారు. ఒకటి కొడితే సరే. రెండు కొడితే వద్దు. నీ ఇష్టం." అవతల ఊపిరి. బయట ఎవరో నన్ను పిలుస్తున్నారు. టక్.

ఒకటి. సరేనంది. నవ్వింది, పైగా సరేనంది. వేలు ఫోన్ ఆపే గుర్తు మీదికి దానంతట అదే పోయింది, దుకాణంలో పండిన వేలు, గిరాకీ ఊ అనగానే పెట్టె కట్టేసి చేతిలో పెట్టడం నేర్చిన వేలు, ఇంకో క్షణం నిలబడితే మనసు మార్చుకుంటారని తెలిసిన వేలు. పెట్టెయ్యొచ్చు. ఎవరూ తప్పు పట్టలేరు. అడిగాను, కొట్టింది. కానీ దాని ఊపిరి మారలేదు. సరేనని చెప్పేసిన వాళ్ళ ఊపిరి కాదది, ఇంకా ఏదో చేతిలో పట్టుకున్నవాళ్ళది. కాలి వేళ్ళు ముడుచుకుని ఉన్నప్పుడు బూటు తొడిగితే ఎంత సరిపోయినట్టున్నా సరిపోయినట్టు కాదు. వేలు పక్కకి తీశాను. ఖాళీ వదిలాను. ఎంతసేపో తెలియదు. రీముల మీద దుమ్ము లెక్కపెట్టేంత సేపు.

టక్.

"సరేనమ్మా" అన్నాను. "వెయ్యను. ఇది మనిద్దరి మధ్యే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా చదవమంటావా?" ఈసారి ఆలస్యం లేకుండా ఒక్కటే కొట్టి, ఫోన్ బామ్మ చేతిలో పడేసి టపటపా పరుగెత్తింది.

బయటికి వస్తే షీటు బల్ల మీదే ఉంది, పసుపు నిజంగా బాగా కుదిరింది, గుమ్మం మీద ఎండలా. పెన్ను జేబులోనే ఉంచుకుని, మిషన్ ఆపెయ్యమన్నాను, పుస్తకాలావిడకి నేనే చెప్పుకుంటానన్నాను. ఫోర్‌మన్ కాగితం వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. "రంగు నచ్చలేదా సార్?" అన్నాడు, మొహం పాలిపోయి, తన తప్పేమోనని. రంగుకేం నాయనా, రంగు బంగారంలా ఉంది, అన్నాను. "మరి?"

"కాలు పట్టలేదు" అన్నాను. అతనికి అర్థం కాలేదు. షీటు చుట్టి చంకలో పెట్టుకుని, వంగి, ఊడిపోయిన నా బూటు తాడు ముడి వేసుకోవడానికి కూర్చున్నాను. వంగడం ఇప్పుడు కష్టం, తొందరేం లేదు, చిన్నది ఇంట్లోనే ఉంటుంది, ఇవాళ సాయంత్రం కూతురు దాన్ని తీసుకెళ్ళడానికి వస్తుంది, దానికి చెప్పాల్సింది కూడా ఇంకా ఉంది.